చిన్న ఓపల్ రాళ్ళకు మెరుగు పెట్టు విధానము

(జయపురమున మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



సాహిత్యమును గూర్చియు, సంగీత నాటకములను గూర్చియు పెద్దలు ప్రసంగించు ఈ వేదికపై రాళ్ళను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. అందులకు కారణము లేకపోలేదు. ఉద్యోగధర్మమున మనము వచ్చి చేరిన ఈ జయపురము రత్నపు పనికి పేరెన్నికగన్న నగరము. జోహరీ బజారు పరిసరములలో పొట్లముల లెక్కన అమ్మెడి చిన్న ఓపల్ ముక్కలను మన కుటుంబములవారు అనేకులు ముచ్చటపడి కొనుచున్నారు. వేసవి సెలవులలో పిల్లలు, తీరిక దొరకిన విశ్రాంత ఉద్యోగులు ఒక చిన్న టంబ్లరు యంత్రమును సంపాదించి ఆ ముక్కలకు ఇంటిలోనే మెరుగు పెట్టజూచుచున్నారు. ఇది ఎంతయు మెచ్చదగిన వ్యాసంగము. కాని పీపా మూత తీసిచూచునప్పటికి పెక్కుమందికి కనబడునది అంచులు విరిగి, రంగు సగము పోయిన ముక్కలును, అడుగున తెల్లని బురదయును. తక్కిన రాళ్ళకు చక్కగా పనికివచ్చు యంత్రము ఓపల్‌ను ఏల పాడుచేయుచున్నది? పాడుగాకుండ చేయు ఉపాయమేమి? ఈ రెండు ప్రశ్నలే నేటి నా ప్రసంగమునకు విషయము.

మొదట ఒక్క మాట మనవి చేయుదును. మెరుగు పెట్టుట యనగా రాతికి ఏదో పూయుట కాదు. రాతినుండి కొంత తీసివేయుట. పైనున్న గరుకును అరగదీసినచో లోపలి నునుపు బయటపడును. కావున మెరుగు పెట్టిన ప్రతిసారియు రాయి కొంత తరుగుచున్నది. ఓపల్ విషయమున ఆ తరుగే సర్వస్వము. రంగు పొర ఒక్కసారి అరిగిపోయిన పిమ్మట దానిని మరల తెచ్చు విద్య లోకమున ఎవ్వరికిని లేదు. వలసినంతకంటె ఎక్కువ తీయకుండుటయే ఇందలి నేర్పు.

రాతి పుట్టుపూర్వోత్తరములు

ఓపల్ అను పేరు మనకు పూర్తిగా పరాయిది కాదు. సంస్కృతమున ఉపలమనగా రాయి. ఆ మాటయే గ్రీకు, లాటిను భాషలగుండ పయనించి నేటి రూపము దాల్చినదని భాషావేత్తలు పెక్కురు తలంతురు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను పండితుడైన ప్లినీ ఈ రాతిని మిక్కిలి కొనియాడి, ఇది భారతదేశముననే పుట్టునని వ్రాసెను. ఆనాడు రోము నగరమునకు చేరిన ఓపల్‌లు నేటి స్లొవేకియా దేశపు కొండలలోనివని ఆధునికులు భావించుచున్నారు. మన దక్కను పీఠభూమి నల్లరాతి పొరల బొరియలలో అకీకు రాళ్ళతోపాటు ఓపల్ దొరకునుగాని, అది చాలవరకు రంగులు చిమ్మని సామాన్య ఓపల్. మన నవరత్నములలో దీనికి చోటులేదు. శుక్రగ్రహ ప్రీతికై వజ్రమునకు బదులుగా దీనిని ధరించెడివారు మాత్రము కలరు.

రంగుల ఓపల్‌కు నూరేండ్లకు పైగా పుట్టినిల్లు ఆస్ట్రేలియా. 1915 ఫిబ్రవరిలో దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో బంగారము వెదుకబోయిన ఒక చిన్న బృందములోని విల్లీ హచిసన్ అను 14 ఏండ్ల బాలునికి ఓపల్ కంటబడెను. అక్కడ వెలసిన కూబర్ పీడీ పట్టణమున నేటికిని అనేకులు ఎండకు తాళలేక నేలలో తొలిచిన ఇండ్లలో కాపురముండురు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోని లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఓపల్‌కు ప్రసిద్ధి. 1993లో ఆ దేశము ఓపల్‌ను తన జాతీయ రత్నముగా ప్రకటించుకొన్నది. ఇక 2008లో ఇథియోపియా దేశపు వెల్లో ప్రాంతమున గొప్ప నిక్షేపములు బయల్పడినవి. అక్కడి ముడిరాయి విస్తారముగా మన జయపురమునకు వచ్చి ఇచ్చట కోతకు, సానకు నోచుకొనుచున్నది. చౌకగా దొరకు ముక్కలలో ఇథియోపియావి అనేకము. ఆస్ట్రేలియా రాతికి చేయదగిన పని ఇథియోపియా రాతికి చేయరాదు గనుక, ఈ భేదమును మనస్సున ఉంచుకొనవలసినదిగా కోరుచున్నాను. కారణము ముందు చెప్పెదను.

రంగు ఎక్కడిది?

ఓపల్ సిలికా అను పదార్థముతో ఏర్పడినది. ఏటి ఇసుకయు, స్ఫటికమును, అకీకును సిలికాయే. భేదమేమనగా, ఓపల్‌లో సిలికాతోపాటు నీరును ఇమిడియున్నది. రంగుల ఓపల్‌లో ఆ నీరు సాధారణముగా నూటికి 3 మొదలు 10 వంతుల వరకు ఉండును. మనము ఎండిన రాయి అనుకొని అరచేతబట్టిన దానిలో నీరు దాగియున్నదన్నమాట.

దాని రంగుల రహస్యమును 1964లో సాండర్స్ మొదలగు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయముతో వెల్లడించిరి. పండ్ల దుకాణమున కమలాపండ్లను వరుసలు తప్పకుండ పేర్చినట్లు, రంగుల ఓపల్‌లో మిక్కిలి చిన్నవైన సిలికా గుండ్లు వరుసలు దీరియుండును. ఒక్కొక్క గుండు వ్యాసము మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటె కొంచెము ఎక్కువ మొదలు దానికి మూడు రెట్ల వరకు మాత్రమే. ఆ వరుసలపై పడిన తెల్లని వెలుతురు విడివడి రంగులుగా కన్నులకు చేరును. గుండ్లు పెద్దవైనచో ఎఱుపు, చిన్నవైనచో నీలము. గుండ్లు క్రమము తప్పియున్నచో రంగే లేదు. అట్టి రంగులేని ఓపల్‌ను గనులవారు పాచ్ అందురు. పాచ్ వలన మనకొక ఉపయోగము కలదు. దానిని పిమ్మట చెప్పెదను.

అనగా ఈ రంగు అద్దకము కాదు, పూత కాదు. రాతి కట్టడమే రంగు. అయితే ఆ కట్టడము రాయి అంతటను ఉండవలెనను నియమము లేదు. పెక్కు ముక్కలలో రంగు ఒక పలుచని పట్టీగా, మిల్లీమీటరో రెండు మిల్లీమీటరులో మందమున, ఒక ప్రక్కనే ఉండును. తక్కినదంతయు పాచ్. మన కష్టమంతయు ఇచ్చటనే ఉన్నది. పీపాలో దొర్లు రాయి అన్ని ప్రక్కల సమముగా అరుగును. రంగు ఏ ప్రక్క ఉన్నదో యంత్రమునకు తెలియదు, తెలిసికొనవలసినది మనమే.

రాయి ఏల పాడగును?

ఓపల్ చెడుటకు మూడు కారణములు కలవు.

మొదటిది మెత్తదనము. రాళ్ళ కాఠిన్యమును కొలుచుటకు 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కొలమానమున వజ్రము 10, స్ఫటికము 7. అకీకు 6.5 మొదలు 7 వరకు. ఓపల్ 5.5 మొదలు 6.5 వరకే. కావున అకీకుతో కలిపి దొర్లించినచో నష్టపడునది ఓపలే. నేనెరిగిన ఒక మిత్రుడు పీపా నిండలేదని గుప్పెడు అకీకు ముక్కలను ఓపల్‌తో కలిపి నాలుగు దినములు త్రిప్పెను. అకీకులకు గీతయైన పడలేదు. ఓపల్‌లు సగమునకు సగము తరిగి, మిగిలినవి చుక్కల దెబ్బలతో బయటికి వచ్చినవి.

రెండవది పెళుసుదనము. ఓపల్ గాజువలె చిట్లును. పలుచని అంచులు, కోసుగానున్న మూలలు ఒకదానినొకటి తాకిన మాత్రమున పెచ్చులూడును. ఊడిన పెచ్చు పీపాలోనే ఉండి తక్కిన రాళ్ళను గీయును.

మూడవది వేడిమి. లోపల నీరున్న రాయి హఠాత్తుగా వేడెక్కినను, హఠాత్తుగా చల్లారినను, మిక్కిలి త్వరగా ఆరిపోయినను సన్నని బీటలు వారును. పాత పింగాణీ పళ్ళెముపై సాలెగూటివంటి గీతలు మీరు చూచియుందురు. అట్టివే ఓపల్‌పై పడును. వాటికి మందు లేదు.

వీటికి తోడు చిన్న రాళ్ళకు ప్రత్యేకముగా ఒక ప్రమాదము కలదు. లెక్క చూడుడు. 12 మిల్లీమీటరుల వ్యాసముగల గుండ్రని రాయి అన్ని ప్రక్కల అర మిల్లీమీటరు చొప్పున అరిగి 11 మిల్లీమీటరులైనదనుకొందము. దాని బరువున నూటికి 23 వంతులు పోవును. 6 మిల్లీమీటరుల రాయి అదే అర మిల్లీమీటరు అరిగి 5 మిల్లీమీటరులైనచో నూటికి 42 వంతులు పోవును. అరుగుదల ఒక్కటే, నష్టము మాత్రము దాదాపు రెండింతలు. పెద్ద రాళ్ళకు వ్రాసిన పద్ధతిని చిన్న ఓపల్‌లకు అట్లే ప్రయోగింపరాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనమక్కరలేదు.

పీపాకు పూర్వము

రాళ్ళను దొర్లించి మెరుగు పెట్టుట పడమటి దేశములవారు మనకు నేర్పిన విద్య కాదు. గుజరాతులోని ఖంభాతు అకీకు పూసలకు ప్రాచీనకాలమునుండి ప్రఖ్యాతమైన ఊరు. అచ్చటి పనివారు పూసలను, గరుకు పొడిని, నీటిని ఒక తోలు సంచిలో పోసి మూతి బిగించి, ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా కూర్చుండి ఆ సంచిని దినములతరబడి ఇటునటు దొర్లించెడివారు. నేటి టంబ్లరు యంత్రము ఆ తోలు సంచికి మనుమడు. తోలు సంచి మెత్తనిది. అందు రాయి పడదు, జారును. ఇనుప పీపాలో రాయి పడును. ఓపల్ పనికి రబ్బరు పీపాగాని, లోపల రబ్బరు అతికిన పీపాగాని వాడవలెననుటలోని తత్త్వమిదియే.

రాళ్ళను ఏరుట

పని సగము పీపా మూయకమునుపే ముగియవలెను. తెచ్చిన ముక్కలను నీటిలో తడిపి, దీపమునకు అడ్డముగా పట్టి ఒక్కొక్కదానిని చూడుడు. బీటలున్నవి ప్రక్కన పెట్టుడు. అవి పీపాలో రెండగును. రంగు పలుచని పట్టీగా ఒక ప్రక్కనే ఉన్నవి మరియొక ప్రక్క పెట్టుడు. వాటిని చేతితోనే మెరుగు పెట్టవలెను. రంగు రాయి అంతటను వ్యాపించినవియు, గుండ్రనివియు, బీటలు లేనివియు మాత్రమే పీపాకు అర్హములు. వెనుక వేరొక రాతిని జిగురుతో అతికించిన జంట ఓపల్‌లను ఎన్నడును నీటిలో వేయరాదు, జిగురు విడిపోవును.

ఇప్పుడు ఇథియోపియా రాతి సంగతి. ఆ రాళ్ళలో పెక్కింటికి నీటిని పీల్చు గుణము కలదు. శుభ్రమైన పొడిరాతిపై ఒక నీటిచుక్క వేసి చూచినచో, చుక్క క్రమముగా ఇంకిపోవును. నానబెట్టినచో రాయి గాజువలె పారదర్శకమై రంగులు మాయమగును. నెమ్మదిగా ఆరినపుడు మరల కనబడును. ఇట్టి రాతిని బురదనీటి పీపాలో దినములతరబడి త్రిప్పినచో నీటితోపాటు మురికియు, రంగును లోనికి పోవును. అది మరల వచ్చునన్న నమ్మకము లేదు. కావున నీరు పీల్చెడి ఓపల్‌లను టంబ్లరులో వేయకుండుటయే మేలు. నూనెలు, సెంట్లు, సబ్బునీరు సైతము వాటికి తగవు.

ఏరిన వాటిని పరిమాణమును బట్టి చేర్చుడు. పెద్ద రాయి దెబ్బకు చిన్న రాయి నిలువదు.

పీపా నింపుట

పీపా మూడింట రెండు వంతులు మొదలు నాలుగింట మూడు వంతుల వరకు నిండవలెను. అంతకు తక్కువైనచో రాళ్ళు ఎత్తునుండి పడి పగులును, ఎక్కువైనచో కదలవు. చిన్న ఓపల్‌లతోనే పీపాను నింపుట మనబోటివారికి సాధ్యమూ కాదు, క్షేమమూ కాదు. అందున్న ఘనపదార్థములో ఓపల్‌లు మూడింట ఒక వంతు మించనీయక, తక్కినది ప్లాస్టిక్ గుళికలతోగాని, రంగులేని పాచ్ ముక్కలతోగాని నింపవలెను. పాచ్ కూడ ఓపలే గనుక మెత్తదనమున సమానము. అది తాను అరిగి మన రాతిని కాపాడును. పనికిరానిదని పారవేయు పాచ్‌కు ఇది సద్వినియోగము.

నీరు రాళ్ళ పై వరుస అంచునకు కొంచెము క్రిందుగా ఉండవలెను. బురద పలుచనైనచో రాళ్ళు గట్టిగా తాకును. అందులకై కొందరు ఒకటి రెండు చెంచాల పంచదార వేసి నీటిని చిక్కబరతురు. యంత్రము నెమ్మదిగా తిరుగునదై ఉండవలెను. పని సరిగా జరుగుచున్నదో లేదో చెవియే చెప్పును. పీపా నుండి తడి ఇసుకపై నడచినట్లు మెత్తని చప్పుడు రావలెను. టకటకమని రాళ్ళు కొట్టుకొను చప్పుడు వినవచ్చినచో వెంటనే ఆపి మరికొన్ని గుళికలు చేర్చుడు.

పొడుల క్రమము

గరుకు పొడిగా వాడునది సిలికాన్ కార్బైడు. దాని డబ్బాలపై 80, 220, 600 అను సంఖ్యలుండును. సంఖ్య పెరిగినకొలది పొడి మెత్తన. అకీకువంటి గట్టిరాళ్ళకు 80తో మొదలుపెట్టుట పద్ధతి. చిన్న ఓపల్‌లకు ఆ డబ్బా మూత తీయవలసిన పనియే లేదు. ముక్క మిక్కిలి గరుకుగానున్నచో 220తో ఆరంభింపవచ్చును. ఇదివరకే కొంత నునుపైనదైనచో నేరుగా 600తోనే ఆరంభింపవలెను.

220 పొడితో అర్ధదినము మొదలు రెండు దినములు. 600 పొడితో రెండు మొదలు నాలుగు దినములు. అటుపిమ్మట ఇంకను మెత్తనైన అల్యూమినియం ఆక్సైడుతో రెండు మూడు దినములు. తుదకు సీరియం ఆక్సైడుతో మూడు దినములు మొదలు వారము. ఇవి శాసనములు కావు, అంచనాలు మాత్రమే. 220 దశలో ఆరు గంటలకొకసారి, తక్కిన దశలలో దినమున కొకసారియైనను మూతతీసి రెండు మూడు రాళ్ళను కడిగి, తుడిచి, భూతద్దముతో చూడవలెను. గడియారమును నమ్మి ఓపల్‌ను పీపాలో విడిచిపెట్టరాదు. కొన్ని రాళ్ళు ముందుగానే నునుపెక్కును; వాటిని తీసివేసి, తక్కినవాటిని మరల త్రిప్పుడు. అన్నియు ఒకేసారి కావలెనన్న పట్టుదల వలన ముందైన రాళ్ళు వ్యర్థముగా అరిగిపోవును.

అల్యూమినియం ఆక్సైడు అనిన వెంటనే కొత్త మందు అనుకొనకుడు. అది మన కురువిందమునకు మూలమైన పదార్థమే. దానికి ఇంగ్లీషున గల కొరండం అను పేరు తమిళులు కురుందమని పిలుచు మాటనుండియే పోయినది. ఖమ్మము ప్రాంతమున కురువిందము దొరకుట మన ప్రాంతపువారు కొందరెరిగినదే. సానరాతికి మన పూర్వులు వాడిన వస్తువునే నేడు మనము డబ్బాలో కొనుచున్నాము.

ఒక దశనుండి మరియొక దశకు పోవునపుడు శుభ్రతయే ప్రాణము. 220 పొడి రేణువొకటి మెరుగు దశలో మిగిలినను, వారము దినముల పని ఒక్క గీతతో చెడును. రాళ్ళను, పీపాను, మూతను, మూత అంచు గాడిని మెత్తని బ్రష్షుతో పలుమారులు కడుగవలెను. ప్లాస్టిక్ గుళికలలో గరుకు పొడి గ్రుచ్చుకొని ఉండిపోవును గనుక, ప్రతి దశకు వేరు గుళికలుంచుకొనుట శ్రేయస్కరము. వంటింటిలో మడికి, మైలకు పెట్టెడి కట్టుబాటును మన ఇల్లాండ్రు ఈ పీపాకు పెట్టినచో, వారి చేతిరాళ్ళకు గీత పడదని నా నమ్మకము.

కడిగిన బురదనీటిని స్నానాలగది తూములో పోయరాదు. అది గొట్టములో దిగి గట్టిపడును. క్వార్టర్లలో క్రింది అంతస్తువారితో తగవు తప్పదు. బకెట్టులో పోసి, మడ్డి దిగిన పిమ్మట పై నీటిని చెట్ల మొదట వంచి, మడ్డిని కాగితమున చుట్టి చెత్తలో వేయుడు.

ఎండ, ధూళి

ఈ ఊరి వేసవిని గూర్చి మీకు చెప్పనక్కరలేదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు దినములలో యంత్రమును మేడపై ఎండలో పెట్టరాదు. మోటారు వేడి పీపాకు తగులకుండ చూడవలెను. వెచ్చబడిన పీపానుండి తీసిన రాళ్ళను ఫ్రిజ్ నీటితో కడుగరాదు. పీపాలోని నీరెంత వెచ్చగా ఉన్నదో అంత వెచ్చని నీటితోనే కడుగుడు. కడిగిన రాళ్ళను గాలి విసురున పంకా క్రింద పెట్టక, బట్టలో చుట్టి నీడన ఆరనిండు. అల్ట్రాసోనిక్ యంత్రములలో ఓపల్‌ను శుభ్రపరచు సాహసమునకు పూనుకొనకుడు.

ఇంకొక సంగతి రాతికంటె ముఖ్యమైనది. రాళ్ళను పొడిగా అరగదీయుటవలన లేచు ధూళి ఊపిరితిత్తులకు శత్రువు. ఇందాక చెప్పిన ఖంభాతు అకీకు పనివారిలో, వారి ఇండ్లలోని ఆడువారిలో సైతము, సిలికా ధూళివలన కలుగు సిలికోసిస్ అను శ్వాసవ్యాధి అనేకులను పట్టి పీడించినది. వైద్యులు దానిని పలుమారులు నమోదుచేసిరి. ఆ వ్యాధికి పూర్ణమైన చికిత్స లేదు. ఓపల్‌లోని సిలికా అకీకులోనిదానివలె స్ఫటికరూపము కాకపోయినను, దానితో అంటుకొనియుండు తల్లిరాతిలో అట్టి సిలికా ఉండవచ్చును. కావున పని యావత్తు తడిగానే జరుగవలెను. పొడిగా గీకుట, ఊదుట, ఎండిన మడ్డిని చీపురుతో ఊడ్చుట కూడదు, తడిబట్టతో తుడువవలెను. పీపా పద్ధతిలోని గొప్ప సుగుణము ఇదియే. మూత బిగించిన నీటిలో పని జరుగును గనుక ధూళి లేవదు. మన బిడ్డలు నిర్భయముగా నేర్వదగిన పని ఇదియైనందులకు సంతోషింపవలసినదే. కాని మనము రూపాయల లెక్కన బేరమాడి కొను పూసల వెనుక ఎవరి ఊపిరి ఖర్చయినదో ఒకసారి తలంచుకొనుటయు మన ధర్మము.

చేతితో మెరుగు

పీపాకు పనికిరావని ప్రక్కన పెట్టిన రాళ్ళను మరువలేదు. రంగు పట్టీ ఒక ప్రక్కనే ఉన్న రాతిని చేతితో మెరుగు పెట్టుట కష్టము కాదు. వెడల్పాటి పళ్ళెములో నీరుపోసి, అందు 600 సంఖ్యగల నీటి కాగితమును గాజుపలకపై పరచి, రాతిని వ్రేలితో పట్టి నీటి అడుగుననే మెల్లగా గుండ్రముగా రుద్దవలెను. గీతలు సన్నబడిన పిమ్మట 1200 కాగితము, అటుతరువాత ఇంకను మెత్తనిది. తుదకు తడిపిన తోలుముక్కపై సీరియం ఆక్సైడు ముద్దను రాచి దానిపై రుద్దుడు. తోలు ఆరనీయకుడు, ఆరినచో రాపిడికి వేడి పుట్టును. రంగుగల ప్రక్కను కొంచెమే రుద్ది, పాచ్ ప్రక్కను కావలసినంత రుద్దు స్వాతంత్ర్యము చేతికి కలదు, యంత్రమునకు లేదు. ఒక చిన్న రాతికి రెండు మూడు సాయంకాలములు పట్టవచ్చును. రేడియో వినుచు చేయదగిన పని.

నీరు పీల్చెడి ఇథియోపియా రాళ్ళకును చేతిపనియే తగినది. శుభ్రమైన నీరు, శుభ్రమైన కాగితము వాడి, పని ముగిసిన పిమ్మట వాటిని తొందరపెట్టక దినముల తరబడి నీడన ఆరనీయవలెను. రంగు పోయినదని బెంగపడి ఎండలో పెట్టినవారు రాతిని బీటలు వార్చుకొనిరి. ఓపికపట్టినవారికి రంగు తిరిగివచ్చినది.

మెరుగెక్కిన రాళ్ళను ఒక్కొక్కదానిని వేరువేరుగా మెత్తని బట్టలో ఉంచుడు. బల్లమీది దుమ్ములోని ఇసుకరేణువు ఓపల్‌కంటె గట్టిది. కావున పొడిబట్టతో అదిమి తుడువక, ముందు నీటితో కడిగి పిమ్మట తుడువవలెను. ఆస్ట్రేలియా ఓపల్‌ను నిత్యము నీటిలో ఉంచవలెనను మాట నిజము కాదు. నూనె రాయుట అసలే కూడదు. మిక్కిలి పొడిగానుండు లాకరులలో ఏండ్ల తరబడి దాచదలచినచో, తడిపి పిండిన దూదితో కలిపి చిన్న డబ్బాలో పెట్టిన చాలును.

ముగింపు

సోదరీ సోదరులారా! క్రొత్తగా ప్రారంభింప దలచినవారు ఖరీదైన రంగురాళ్ళతో గాక గుప్పెడు పాచ్‌తో మొదలిడుడు. పీపా చప్పుడు, పొడుల నడక, మీ యంత్రపు వేగము పాచ్ మీకు నేర్పును. దానికి గాజువంటి నునుపు వచ్చిన నాడు నాలుగు రంగురాళ్ళను మాత్రము అందు చేర్చి చూడుడు. ఆ నాలుగింటిని తూచి, బరువు వ్రాసికొని, ప్రతి దశ పిమ్మట మరల తూచుడు. ఎంత పోయినదో కాగితముమీద కనబడినప్పుడు చేయి తనంతట తానే జాగ్రత్తపడును. ఆఫీసున పద్దులు వ్రాయు మనకు ఈ పద్దొక బరువు కాదు.

ఓపల్ మిక్కిలి నెమ్మదిగా, నేలలోని సిలికా నీటినుండి పేరుకొన్న వస్తువు. దానికి నాలుగు దినములు ఎక్కువ ఇచ్చినచో మనకు నష్టమేమియు లేదు. నాలుగు గంటలు తొందరపడినచో మాత్రము తీరని నష్టము కలుగవచ్చును. ఆపవలసిన సమయమున ఆపుట తెలిసినవానికే ఈ రాయి తన రంగును దక్కనిచ్చును.

వచ్చే వార్షికోత్సవమున మన సభ్యులు, వారి పిల్లలు స్వయముగా మెరుగు పెట్టిన రాళ్ళతో ఒక చిన్న ప్రదర్శనము ఏర్పాటుచేయుటకు కార్యవర్గమువారు ఆలోచింపవలసినదిగా మనవి చేయుచున్నాను.